దొరికిపోయినవాడు

"దొరికినవురా! జేబుల ఉన్న స్లిప్పు తియ్యి!"

కాలేజీ ముందు సైకిల్ స్టాండులో ఒక ముసలాయన చేతికర్ర ఎత్తి అరుస్తున్నాడు.

చుట్టూ మూగిన విద్యార్థులు పగలబడి నవ్వుతున్నారు.

పై వరండాలో నిలబడ్డ లెక్చరర్ వీరస్వామికి తల కొట్టేసినట్టయింది. ఆ గొంతు వాళ్ల నాన్నది.

వెంకటనర్సయ్య అదే కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. పరీక్ష హాల్లో ఆయన చెప్పుల చప్పుడు వింటేనే కాపీ కొట్టేవాళ్లకు చెమటలు పట్టేవి. రెండేళ్లుగా ఆయనకు మతి తప్పింది. మనుషుల పేర్లన్నీ మరిచిపోయాడు గానీ పరీక్ష హాలును మాత్రం మరవలేదు. తార్నాకలో తమ వీధిలో పాలవాడి జేబు వెతికాడు. పోస్టుమాన్ సంచి గుంజుకున్నాడు. కాదన్నవాడి మీద కర్ర లేచింది. ఆపబోయిన కోడలు అరుంధతి చెయ్యి కొరికాడు.

వీరస్వామి పరుగున మెట్లు దిగాడు.

అప్పటికే స్టాండు మనిషి బిక్షపతి భుజం మీద ఒక దెబ్బ పడింది. అతను కదల్లేదు. ఖాకీ చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, రెండు చేతులతో అందించాడు.

"దొరికిపోయిన సార్. తప్పయింది."

కర్ర దిగింది. ముసలాయన కాగితాన్ని కోటు జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. మొహం తేటపడింది. బిక్షపతి చెయ్యి చాపితే పసిపిల్లవాడిలా పట్టుకున్నాడు.

వీరస్వామికి అదేమీ కనబడలేదు. విద్యార్థుల నవ్వొక్కటే వినబడింది.

"మా నాయనతోని తమాషా చేస్తున్నవా?"

"తమాషా కాదు సారూ. మీరు క్లాసుల ఉన్నప్పుడు పెద్దసారు రోజు గిట్లనే వస్తడు. సల్లబడ్డంక నేనే మీ గేటు దాంక దింపి వస్త."

"రోజా? ఎన్ని దినాల సంది?"

"నెల దాటింది. జేబుల ఏం లేదంటే ఇంక కోపమైతడు. దొరికిన అంటే సల్లబడతడు. చేతులు పట్టి గుంజొద్దు సారూ, ఎదురుంగ నిలబడొద్దు. పక్కకు నిలబడి..."

"నువ్వు నాకు చెప్తవా?"

సైకిళ్లకు బిళ్లలిచ్చేవాడు లెక్చరర్‌కు పాఠం చెప్పడమా! అదీ విద్యార్థుల ముందు! వీరస్వామి ఒళ్లు మండింది. తిన్నగా స్టాండు కాంట్రాక్టరు దగ్గరికి పోయాడు. తెల్లారి స్టాండులో కొత్త మనిషి కూర్చున్నాడు.

ఇంటి గేటుకు తాళం పడింది. పరువు దక్కిందనుకున్నాడు వీరస్వామి.

మూడో రోజు ముసలాయన కిటికీ అద్దం పగలగొట్టాడు. అడ్డం పోయిన అరుంధతి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి.

"ఇట్ల ఇంట్ల పెట్టుకోలేరు. ఆయనను సముదాయించే మనిషన్నా ఉండాలె, లేకుంటే పిచ్చాసుపత్రిల చేర్పించాలె. సోమవారం దాంక చూడుండ్రి," అన్నాడు డాక్టరు.

"ఆ స్టాండాయనను పిలుచుకరాండ్రి," అంది అరుంధతి, నుదుటి కట్టు సవరించుకుంటూ.

"నీకెట్ల తెలుసు ఆయన?"

"రోజు మామయ్యను గేటు కాడ దింపి పోతుండె. లోపలికి రమ్మన్నా రాకపోతుండె. మీకు చెప్తే కోపానికొస్తరని చెప్పలే."

వీరస్వామికి అహం అడ్డొచ్చింది. ఆమాత్రం తనకు చేతగాదా? తనే ఒక కాగితం జేబులో పెట్టుకుని తండ్రి ముందు నిలబడ్డాడు.

"దొరికినవురా! తియ్యి!"

కాగితం తీయబోయాడు. కానీ ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"నేను దొంగనా నాయనా? నీ కొడుకును!"

దెబ్బ చెవి మీద పడింది.

అప్పుడు తెలిసొచ్చింది వీరస్వామికి. చేయని తప్పును తలవంచి ఒప్పుకోవడం ఎంత కష్టమో! ఆ మనిషి నెల రోజులు, అందరూ నవ్వుతుంటే, ఒప్పుకున్నాడు. అతని నోటికాడి కూడు తను పడగొట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆదివారం పొద్దున్నే కాంట్రాక్టరు చెప్పిన ఆనవాలు పట్టుకుని సైకిలెక్కి గోల్నాక పోయాడు. బిక్షపతి ఉండే అర్రకు తాళం వేసి ఉంది. పక్క అరుగు మీద కూర్చున్న మనిషి లేచి దండం పెట్టాడు. కాలేజీలో ఎన్నో ఏళ్లు ప్యూనుగా చేసిన సమ్మయ్య.

"నిన్ననే ఖాళీ చేసి పోయిండు సారూ. ఏడికి పోయిండో చెప్పలే."

"అయ్యో! పని మళ్ల ఇప్పిస్త. కాళ్లు పట్టుకొనన్న తోలుకపోదామని వచ్చిన."

సమ్మయ్య అరుగు దులిపి చోటు చూపించాడు.

వీరస్వామి అరుగు మీద కూలబడ్డాడు. రేపు సోమవారం. తండ్రిని ఆస్పత్రి గేటు దాటించక తప్పదు.

"మా నాయన ఎన్ని దెబ్బలు కొట్టినా పడ్డడు. ఒక్కనాడు గూడ ఎదురు చెప్పలే. ఏమన్న చుట్టమా ఆయన మాకు? నాయన ఎన్నడన్న మేలు చేసిండా?"

"మేలా?"

సమ్మయ్య అతని మొహంలోకి తేరిపార చూశాడు.

"మీకు తెల్వదా సారూ?" అన్నాడు మెల్లగా. "పదమూడేండ్ల కింద బీయే ఆఖరు పరీక్షల, ఇంటికాడికెల్లి వచ్చిన ఉత్తరం జేబుల ఉంటే, స్లిప్పు అని మీ నాయన హాల్లకెల్లి ఎల్లగొట్టి, చదువు బంద్ చేపిచ్చిండు సూడుండ్రి, ఆ పిలగాడే గీ బిక్షపతి."