పిరికి పెద్దమనిషి

"హెర్ క్నోల్, రండి," అని పిలిచింది నర్సు జిల్కె.

ఆసుపత్రి గదిలో మూల కుర్చీలోంచి పొడుగాటి పెద్దాయన లేచాడు. తలుపు దాకా వెళ్ళి, లోపలున్న యంత్రాన్ని చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"నా వల్ల కాదు సిస్టర్. ముందు ఇంకెవరినైనా పంపండి."

తన వంతు రాకముందే సందు చూసి జారుకుందామనుకున్న రైన్‌హిల్డ్ వెండ్లర్ ఆగిపోయింది. వంతు వదులుకునే మనిషిని ఆమె ఈ జర్మన్ ఊళ్ళో ఇంతవరకూ చూడలేదు. ఇక్కడ రొట్టెల కొట్టు దగ్గర కూడా ముందొచ్చినవాడిదే వంతు, మేయరు వచ్చినా సరే.

ఆమెకి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది. మాత్రలు కడుపుకి పడలేదు. కొద్దిపాటి రేడియేషన్ ఇస్తే లోపలి వాపు చల్లారవచ్చని ఎముకల డాక్టరు ఇక్కడికి పంపాడు. కొందరికి తగ్గదని, తగ్గేవాళ్ళకైనా వారాలు పడుతుందని దాచకుండా చెప్పాడు. రేడియేషన్ అన్న మాట వినగానే రైన్‌హిల్డ్‌కి క్యాన్సర్ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

అయినా వచ్చిందంటే తోట కోసమే. ఊరి చివర తోటల సంఘం అద్దెకిచ్చిన ఆ చిన్న నేల ముక్కలోనే, భర్త పోయాక ఆమె ప్రాణమంతా ఉంది. వంగలేక, కూర్చోలేక వదిలేస్తే కలుపు మొక్కలు నడుమెత్తు పెరిగాయి. వచ్చే వేసవికల్లా బాగుచేయకపోతే తోట ఇంకొకరికి ఇచ్చేస్తామని సంఘం అధ్యక్షుడు నవ్వుతూనే చెప్పి వెళ్ళాడు.

ఆమె క్నోల్ వైపు చూసింది. ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"అంత మనిషి, ఈ మాత్రం కరెంటుకి భయమా?"

"మీకు లేదా?"

"నాకా?"

కోటు విప్పి కుర్చీ మీద పడేసి లోపలికి నడిచింది. యంత్రం కాసేపు గుర్రుమని ఊరుకుంది. మంట లేదు, నొప్పి లేదు. ఇంతేనా అనుకుంటూ బయటికొచ్చింది.

వచ్చినప్పుడల్లా అదే తంతు. క్నోల్ లేస్తాడు, తలుపు దాకా వెళ్తాడు, తిరిగొచ్చి కూర్చుంటాడు. రైన్‌హిల్డ్ ఆయన్ని ఆటపట్టిస్తూ లోపలికి వెళ్తుంది. బిగుసుకుని కూర్చున్న కొత్తవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

"మీరు చూపించుకోవలసింది మోకాళ్ళు కాదు హెర్ క్నోల్, గుండె," అందోసారి. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు.

చికిత్స ముగిసినా నొప్పి ఉన్నచోటే ఉంది. ఆ కోపం ఆమె క్నోల్ మీదే చూపించింది.

"మీరే తెలివైనవారు. ఊరికే వచ్చి కూర్చుని పోయారు."

"తోట చేసే మనిషి మీరు. విత్తనం వేసి మర్నాడే తవ్వి చూస్తారా?" అన్నాడాయన.

పిరికివాళ్ళకి మాటలెక్కువని గొణుక్కుంటూ ఆమె ఇంటికి పోయింది.

చలికాలం నడిమధ్యలో ఒకరోజు, ఏదీ పట్టుకోకుండానే మెట్లు దిగేశానని కిందికొచ్చాక గమనించింది. వసంతానికి మోకాళ్ళ కింద దిండు వేసుకుని కలుపు తీయగలిగింది. వేసవిలో అధ్యక్షుడు వచ్చి తోటంతా తిరిగాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క, పొదల కంచె రెండు వేళ్ళు ఎత్తు ఎక్కువుందని చెప్పి వెళ్ళాడు. ఆ రోజంతా ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ప్లమ్ పండ్లు పండగానే కేకు చేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఒక పెద్ద ముక్క విడిగా తీసిపెట్టింది.

"ఇది మన పిరికాయనకి. ఇప్పటికైనా లోపలికి వెళ్ళారా?"

జిల్కె మూల కుర్చీ వైపు చూసింది. క్నోల్ కిందటి నెలలోనే సముద్రం పక్కనున్న చెల్లెలి ఊరికి వెళ్ళిపోయాడనీ, చిరునామా అడిగితే నవ్వేశాడనీ చెప్పింది.

"మరి ఆయన మోకాళ్ళు?"

"ఆయన మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు ఫ్రావ్ వెండ్లర్. ఆయన అడిగితేనే నేను అలా పేరు పిలిచేదాన్ని," అంది జిల్కె మెల్లగా. "చాలా ఏళ్ళ కిందట వాళ్ళావిడ ఈ తలుపు దాకా వచ్చి, భయపడి తిరిగెళ్ళిపోయి, మంచాన పడి మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచీ, వచ్చేవాళ్ళకి తమకంటే పిరికివాడు ఒకడు కనిపిస్తే చాలని ఆయన రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు."