టకటక మేస్త్రి సంతకం

"ఈ కారు వద్దులే అన్నయ్యా. వెనక్కి వెళ్లిపోదాం. నాకు తలనొప్పిగా ఉంది" అన్నాడు తమ్ముడు, గేటు దగ్గరే ఆగిపోయి.

"మాట ఇచ్చి వచ్చాక తలనొప్పేమిట్రా! పద" అన్నాడు టకటక మేస్త్రి.

పాత కారు కొనేవాళ్లు ముందుగా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాల్సిందే. ఈ బంపరు నుంచి ఆ బంపరు దాకా రేకును వేలి కణుపులతో తట్టుకుంటూ పోతాడు, అందుకే ఆ పేరు. ఆయన చెబుతాడు, తమ్ముడు రిపోర్టు రాస్తాడు, కింద ఆయన సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాక ఇక ఎవరూ నోరెత్తరు.

తండ్రి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు. మేస్త్రే కన్నబిడ్డలా పెంచాడు, పని నేర్పాడు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసుకునే నడుస్తాడు. అన్నదమ్ములంటే ఇలా ఉండాలని అందరూ ముచ్చటపడతారు.

ఈసారి కారు కొనేది ఒక నర్సు. తల్లికి మోకాళ్లు పని చెయ్యవు. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పదేళ్లుగా దాచుకున్నదంతా ఈ కారులోనే పోస్తోంది.

అమ్మేది ఒక లెక్చరరు. మేస్త్రి వస్తున్నాడంటే అమ్మేవాళ్లకు మామూలుగా ముచ్చెమటలు పోస్తాయి. ఈయన మాత్రం చుట్టం వచ్చినట్టు ఎదురొచ్చాడు.

"మీరే వచ్చారా! అయితే నాకు దిగుల్లేదు. మూడున్నర లక్షలు అడుగుతున్నాను. న్యాయమో కాదో మీరే చెప్పండి."

"కొత్తదానిలా మెరిసిపోతోంది కదండీ?" అంది నర్సు ఆశగా.

"మెరుపుతో నాకు పని లేదమ్మా. రంగు చూసి మోసపోవడానికి లోకంలో బోలెడంతమంది ఉన్నారు."

టక్. టక్. టక్. వెనక తలుపు దగ్గర చప్పుడు మొద్దుగా వచ్చింది.

"ఇక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. గుద్దుకున్న చోటు పూడ్చారు. రాసుకోరా."

బానెట్ ఎత్తించి, ఇంజను స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి విన్నాడు. బ్యాటరీ ఉన్న వైపుకు మాత్రం పోలేదు. అది ఎప్పుడూ తమ్ముడి పనే.

"మీటరెంత?"

"ముప్పై రెండు వేలు" గొణిగాడు తమ్ముడు.

మేస్త్రి వంగి బ్రేకు పెడలు రబ్బరు నిమిరాడు. గీతలన్నీ అరిగిపోయి నున్నగా తగిలింది. "లక్ష కిలోమీటర్లు దాటిన పెడలు ఇది. మీటరును వెనక్కి తిప్పారు."

ముందు సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. సీటు జరిగే పట్టాల మూల నుంచి చిటికెడు పొడి తీసి, నలిపి, వాసన చూశాడు.

"బురద. ఈ కారు సీట్ల దాకా నీళ్లలో మునిగింది. లోపల వైర్లన్నీ కుళ్లుతుంటాయి. మీ అమ్మగారిని ఏ రోజు నడిరోడ్డు మీద దింపేస్తుందో చెప్పలేం. మూడున్నర కాదు కదా, లక్ష కూడా ఎక్కువే తల్లీ."

డ్యాష్‌బోర్డులోని అర తెరిచి, లోపల తడిమి, మూత వెయ్యబోయాడు. పడలేదు. ఆయన చెయ్యి దానంతటదే మూత ఎడమ మూలన రెండు దెబ్బలు వేసింది. టక్కున పడింది.

ఎడమ మూలన కొడితేనే పడుతుందని తన చేతికెలా తెలుసు?

లెక్చరరు గొంతు లేచింది. "లక్షా? నాలుగు నెలల కిందట మీ మాట మీదే కదండీ దీన్ని కొన్నాను!"

"నా మాట మీదా?"

"అప్పుడు నేను ఊళ్లో లేను. బ్రోకరు మీ షెడ్డుకు తెచ్చి చూపించి, మీ రిపోర్టు తెచ్చిచ్చాడు. ఇంకో మెకానిక్‌కి చూపించనైనా లేదు. మీ పేరు చాలనుకున్నాను." విసురుగా లోపలికి వెళ్లి కాగితంతో వచ్చాడు. "వినండి. ప్రమాదాలు లేవు. నీళ్లు తగలలేదు. అడిగిన ధర న్యాయంగా ఉంది. కింద మీ సంతకం!"

మేస్త్రికి గుర్తొచ్చింది. ఆ రోజు షెడ్డులో ఇదే మూతను ఇలాగే కొట్టాడు. 'మునిగిన బండి, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దని రాయరా' అన్నాడు. తమ్ముడు రాశాడు. పెన్ను గరగర ఇంకా చెవుల్లోనే ఉంది.

ఎవరో దొంగ సంతకం పెట్టి ఉంటారు. అలాగే అయి ఉండాలి. దేవుడా, అలాగే అయి ఉండాలి.

"ఒక్కసారి ఇలా ఇవ్వండి."

కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, అడుగున వేలితో నిమిరాడు. ఆయన పెన్ను నొక్కి పట్టి రాస్తాడు. చివరి గీత దగ్గర కాగితానికి చిల్లు పడుతుంది. వేలికి ఆ చిల్లు తగిలింది.

సంతకం తనదే.

"ఏం రాశావురా ఆ రోజు?"

తమ్ముడు ఆయన చేతిలోంచి కాగితం తీసుకోబోయాడు.

"ఇదొక్కటేనా? బ్రోకర్ల దగ్గర డబ్బు తీసుకుని ఇలాంటివి ఎన్ని రాశావురా?"

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం అన్నయ్యా."

మేస్త్రి చెడామడా తిట్టాలనుకున్నాడు. ఆరేళ్ల పిల్లాడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి అలవాటుగా తమ్ముడి భుజం మీదికే వెళ్లింది. వెంటనే తీసేశాడు.

"నాకు నువ్వు అక్కర్లేదు. నేను పోగలను" అన్నాడు.

గేటు వైపు ఒక్కడే రెండడుగులు వేసి, ఆగి, గాలిలోకి చెయ్యి చాచి, చివరికి మళ్లీ ఆ భుజాన్నే తడుముకుని పట్టుకున్నాడు. షెడ్డులో బ్యాటరీ పేలి ఆయన రెండు కళ్లూ పోయి అప్పటికి పదకొండేళ్లు.