ఆదివారం పదకొండింటి పాట

“ఇది కాదు,” అన్నాడు వెండెల్.

గ్రామఫోను ముందు మోకాళ్ల మీద కూర్చున్న లాయిడ్ తల తిప్పి చూశాడు. రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది. వాల్ట్జ్ పాట హోరుకి కిటికీ అద్దం సన్నగా అదురుతోంది.

“ఏది కాదు?”

“ఆ గొంతు. ఇర్మా ఉన్నప్పుడు ఇలా లేదు.”

లాయిడ్ గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి. వెర్మాంట్‌లోని ఆ చిన్న ఊళ్లో కీ తిప్పితే నడిచే వస్తువు ఏది ఆగిపోయినా అతనికే కబురొస్తుంది. ఈ ఇంటికి రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదటిసారి స్ప్రింగు విప్పి, గడ్డకట్టిన గ్రీజు కడిగి కొత్తది పెట్టాడు. రెండోసారి సూది బిగించే సౌండ్ బాక్సులో ఎండిపోయిన రబ్బరు తీసి కొత్తది వేశాడు. మూడోసారి అందులో అభ్రకం రేకే మార్చేశాడు. ప్రతిసారీ పాట ఇంకాస్త స్పష్టంగా, ఇంకాస్త గట్టిగా వచ్చింది. ప్రతిసారీ వెండెల్ మొహం ఇంకాస్త వాలిపోయింది.

“సూది మార్చావా?”

“రికార్డు తిప్పిన ప్రతిసారీ కొత్త సూదే. ముప్పై ఒక్కేళ్లుగా అంతే. నన్నా అడుగుతున్నావు?”

“పోనీ సన్న సూది పెట్టి చూశావా?”

“చూశాను. గుసగుసలాడింది. అప్పట్లో వచ్చింది గుసగుస కాదు లాయిడ్, పాటే. కానీ కొండ అవతలి ఊళ్లో ఎవరో పాడుతున్నట్టుండేది.”

“దీనికి సౌండు తగ్గించే మరంటూ లేదు. నోరు తెరిస్తే ఇంతే. ముందు నీ చెవులు చూపించుకో.”

“చూపించాను. ఈ వయసుకి బంగారం లాంటి చెవులన్నాడు డాక్టరు.”

“ఆయన నీ కాళ్లు కూడా చూడాల్సింది. ఒకటి బూడిదరంగు, ఒకటి గోధుమరంగు.”

వెండెల్ కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. బూడిదరంగు ఉన్ని మేజోడు పెళ్లైన మొదటి చలికాలం ఇర్మా అల్లింది. దాని జత నెల తిరక్కుండానే మాయమైంది. బట్టలు ఆరబెట్టే మిషన్ మింగేసిందంది ఇర్మా. వెండెల్ ఆ మిషన్‌ని రెండుసార్లు విప్పి వెతికాడు. దొరకలేదు. మిగిలినదాన్ని పారేయడానికి మనసొప్పక ఆదివారాలు మాత్రం తొడుక్కుంటాడు.

గ్రామఫోను వచ్చిందీ ఆ చలికాలమే. ఒక రైతు ఇంట్లో సామాను వేలం వేస్తుంటే కొన్నాడు. నడుమెత్తు చెక్కపెట్టె. పైమూత కింద మోటారు, ముందు రెండు చిన్న తలుపులు, వాటి వెనక గుడ్డ బిగించిన జాలీ. పాట అందులోంచే వస్తుంది. పనులు మొదటిరోజే పంచుకున్నారు. నూనె, సూదులు, మోటారు వెండెల్‌వి. దుమ్ము దులపడం, జాలీ ఊడదీసి గుడ్డ ఉతకడం ఇర్మావి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే, పదకొండింటికి, అతను ఈ వాల్ట్జ్ పెట్టేవాడు. ఇర్మా వంటింట్లో పిండి వత్తుతూ, “ఎంత మెత్తగా పాడుతోందో!” అని కేకేసేది. ఒక్క వారం కూడా మానలేదు.

మార్చిలో ఆమె పోయింది. ఇర్మా అక్క ఫెర్న్ వచ్చి వారం రోజులుండి, తివాచీల దగ్గర్నుంచి గ్రామఫోను గుడ్డ దాకా అన్నీ ఉతికి, ఇల్లు అద్దంలా చేసి వెళ్లింది. ఆ తరవాతి ఆదివారం వెండెల్ ధైర్యం చేసి వాల్ట్జ్ పెట్టాడు. ఎవరో పరాయి మనిషి ఇంట్లో దూరి అరిచినట్టనిపించింది.

లాయిడ్ సూది ఎత్తి, మూత వేసి, పక్కనే కూర్చున్నాడు.

“నేను చెప్పేది విను. ఈ జిల్లా మొత్తంలో ఇంత బాగా పలికే పెట్టె లేదు. లోపం దీంట్లో లేదు. వంటింట్లో మనిషి లేదు, అంతే. అది నా పనిముట్లకి అందేది కాదు.”

వెండెల్ లేచి పెట్టె ముందు తలుపులు రెండూ మూసేశాడు.

“అయితే మ్యూజియం వాళ్లకిచ్చేయ్. నీ ట్రక్కులోనే తీసుకుపో.”

“తొందరపడకు.”

“తొందర కాదు. ఈ గొంతు వింటుంటే పాతది చెరిగిపోతోంది. ఇంకో నాలుగు ఆదివారాలు పోతే నాకు అదీ గుర్తుండదు. దాంతోపాటు ఆమె కేకా పోతుంది.”

లాయిడ్ లేచి బయటికి నడిచాడు. ట్రక్కులోంచి తాడు, పాత కంబళి తెచ్చాడు. ఇద్దరూ కలిసి పెట్టెకి కంబళి చుడుతుండగా ఫెర్న్ తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె, ఇంకో చేతిలో కాగితం సంచీ.

“ఏమిటీ, దాన్ని పంపించేస్తున్నావా? ఇర్మాకి ప్రాణం కదా అదంటే!”

“అందుకే,” అన్నాడు వెండెల్.

ఫెర్న్ రొట్టె బల్లమీద పెట్టి, సంచీలో చెయ్యి పెట్టింది. “నీ బట్టలు బాగుచేసి తెచ్చాను. రెండు చొక్కాలకి బొత్తాలు కుట్టాను. ఇదిగో, దీన్ని ఉతికితే ఇంత దుమ్ము వచ్చింది. ఒంటిది. దీని జత ఉందా, పారేశావా?”

బూడిదరంగు ఉన్ని మేజోడు. మడమ దగ్గర అరిగిన జాడ కూడా లేదు.

వెండెల్ నెమ్మదిగా ప్యాంటు పైకి లాగి ఎడమకాలు చూపించాడు. లాయిడ్ తాడు వదిలేసి నవ్వాడు.

“ముప్పై ఒక్కేళ్లకి కక్కిందన్నమాట నీ మిషన్!”

“మిషనేమిటి?” అంది ఫెర్న్.

“ఎక్కడ దొరికింది ఇది?” అని అడిగాడు వెండెల్.

ఫెర్న్ రొట్టె కోయడానికి కత్తి వెతుక్కుంటూ, కంబళి చుట్టిన పెట్టెవైపు గడ్డంతో చూపించింది.

“ఆ జాలీ వెనక, దాని గొంతులో కుక్కి ఉంది.”