నూడిల్స్ తిన్న మర్నాడు

“డౌటే లేదు డాక్టరమ్మా, నూడిల్సే,” అంది ధనశ్రీ, దొంగని పోలీసులకు పట్టిచ్చినంత ధీమాగా. “తిన్న మర్నాడు తెల్లారేసరికి తల పగిలిపోతాది. అందులో ఏసే టేస్టింగ్ సాల్ట్ నాకు పడతం లేదు.”

డాక్టర్ అనూరాధ ఓపిగ్గా విని, ఆ తెల్ల పొడి మీద చాలా దేశాల్లో పరీక్షలు జరిగాయని చెప్పింది. అది పడదన్నవాళ్లకే, వాళ్లకు తెలియకుండా ఒకసారి కలిపి, ఒకసారి కలపకుండా పెట్టి చూశారట. మామూలుగా తినే మోతాదులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదట. టమాటాల్లోనూ, ఎండురొయ్యల్లోనూ ఉండే సరుకే అది అంది. ధనశ్రీ నమ్మలేదు. ఎండురొయ్యలు తిని పెరిగిన తలకాయ ఏనాడూ నొప్పెట్టలేదు మరి.

“మనసులో ఏమైనా బెంగ ఉందా?” అనడిగింది డాక్టర్.

“బెంగేటమ్మా, బంగారంలాంటి మొగుడుంటే.”

ఆ మాట నిజమే. కన్నబాబుది సరుకుల ఓడలో ఉద్యోగం. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటాడు. మిగతా రోజులన్నీ మధురవాడ అపార్ట్‌మెంట్లో ధనశ్రీ, టీవీ. జాలరిపేట సందుల్లో పెరిగిన మనిషికి అందరూ తలుపులేసుకునే ఆ అంతస్తులో ఊపిరాడేది కాదు. మనిషి గొంతు వినపడితే చాలని, వంటింట్లో ఉన్నా టీవీ గట్టిగా పెట్టుకునేది.

సెలవుకొచ్చిన ప్రతిసారీ కన్నబాబు ఆమెను ఒక సాయంత్రం షికారుకి తీసుకెళ్లేవాడు. పూర్ణా మార్కెట్లో సబ్బులు, బ్లేడ్లు కొనుక్కుని, అటునుంచటే బీచ్ రోడ్డులో చైనా హోటల్‌కి. పేరుకే చైనా, వండేది వీరన్న. ఆ సాయంత్రాన్ని తలుచుకునే ఆమె మిగతా నెలలన్నీ నెట్టుకొచ్చేది. పోయినసారి మాత్రం తలనొప్పి భయంతో, ఇంక ఈ హోటల్‌కి రానని అతని మొహమ్మీదే అనేసింది.

“నాతో తిరగడం ఇష్టం నేదేటే?” అని కన్నబాబు ప్లేటు పక్కకి నెట్టేశాడు. ఆ ఒక్క సాయంత్రం కూడా పోతే ఇద్దరి మధ్యా ఇంకేం మిగులుతుందని ఆమె దిగులు.

“ఆ పరీక్షేదో నువ్వే చేసి చూడు,” అంది డాక్టర్.

కన్నబాబు మళ్లీ సెలవుకి దిగిన వారానికే, హోటల్‌కి పోదామంది ధనశ్రీ. అతను తెల్లబోయాడు.

“అప్పుడే ఏటే?”

సంగతి విన్నాక నవ్వి, హోటల్ వంటగదిలోకెళ్లి వీరన్న చెవిలో ఏదో ఊదాడు. తర్వాతి వారం మళ్లీ వెళ్లారు. రెండుసార్లూ మర్నాడు ధనశ్రీ పాలవాడికంటే ముందు లేచి, కూనిరాగం తీస్తూ ఇల్లు ఊడ్చింది.

“మొదటిసారి ఏయించనేదు,” అన్నాడు కన్నబాబు. “రెండోసారి డబల్ ఏయించాను.”

ధనశ్రీ సిగ్గుపడింది. అంతకు రెట్టింపు సంబరపడింది. వాళ్ల సాయంత్రం వాళ్లకు దక్కింది. ఆ సెలవంతా ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు నూడిల్సే.

కొన్నాళ్లకు ఒక ఉదయం, కన్నబాబు కొనిచ్చిన సెల్‌ఫోన్ నుంచి ఆమె డాక్టర్‌కి ఫోన్ చేసింది. వెనక టీవీ గట్టిగా మోగుతోంది.

“మళ్లీ వచ్చిందమ్మా తలనొప్పి. కన్ను తెరవనేకపోతన్నాను.”

“రాత్రి హోటల్‌కి వెళ్లారా?”

“నేదమ్మా, ఒకటే వాన. పెట్టె సర్దేసి, పెరుగన్నం తిని పడుకున్నాం. పొద్దున్నే మావని రైలెక్కించి వచ్చాను.”

 డాక్టర్ నెమ్మదిగా అడిగింది.

“ఇదివరకు సెలవుల్లో హోటల్‌కి ఏ రోజు వెళ్లేవాళ్లు, ధనశ్రీ?”

 ధనశ్రీ లేచి టీవీ కట్టేసింది.

“మావ ఓడకి బయల్దేరే ముందు రాత్రే, డాక్టరమ్మా.”