పడవ టికెట్ల కిటికీ

"మళ్ళీ వచ్చాడు," అనుకున్నాడు ఈలయ్య.

సరస్సు గట్టు మీద పడవల రేవుకి ఆయన కాపలాదారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి పిల్లాపెద్దా అందరికీ ఈలయ్యే.

వచ్చినవాడు నీలం చొక్కా మనిషి. వెంట ఆరేడేళ్ళ కూతురు. పొద్దుటి నుంచి టికెట్ల వరసలో నిలబడడం, కిటికీ దాకా వెళ్ళడం, ఏదో ఒకటి అడగడం, టికెట్టు కొనకుండా తిరిగి రావడం. పోయిన ఆదివారమూ ఇదే తంతు.

అడిగేవి కూడా ఏమంత గొప్ప ప్రశ్నలు కావు. పైసా ఖర్చు లేకుండా పిల్లకి చూపించేవి ఏమున్నాయని ఒకసారి. బాతులకి మేత వెయ్యనిస్తారా అని ఒకసారి. చేపల ప్రదర్శనశాలకి దారెటని ఇంకోసారి, అదీ సరిగ్గా అటునుంచే వచ్చి. కిటికీలో అమ్మాయి కొత్తగా చేరింది. విసుక్కోదు. గుట్ట మీది తోటకి టికెట్టు అక్కర్లేదనీ, లైట్‌హౌస్ మెట్లు ఎక్కేటప్పుడు పిల్ల చెయ్యి వదలొద్దనీ, నీళ్ళ గాలికి స్వెట్టరు వెయ్యమనీ ఓపిగ్గా చెబుతుంది. వెనక వరస మాత్రం చాంతాడంత అవుతోంది.

ఇది దారి అడగడం కాదు, వేరే వ్యవహారమని ఈలయ్యకి తోచింది. వెంట్రుకలు ఊరికే నెరవలేదు కదా.

పైగా ఆ పొద్దున్నే మేనేజరు పిలిచి, వరస ఎందుకు కదలడం లేదో కనిపెట్టి చెప్పమన్నాడు. కిటికీ దగ్గర కబుర్లంటే ఆయనకి ఒళ్ళుమంట. ఇంతకుముందున్న అమ్మాయితో ఆమె అన్న వచ్చి మాట్లాడుతున్నాడని, మర్నాటికల్లా పనిలోంచి తీసేశాడు. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళెవరూ ఆ దరిదాపులకి రాకూడదని అప్పటినుంచి కట్టడి. ఇప్పుడు తను నోరు విప్పితే ఈ అమ్మాయి ఉద్యోగమూ ఊడుతుందని ఈలయ్యకి దిగులుగా ఉంది.

అందుకే నీలం చొక్కాని బెంచీ దగ్గర పట్టుకున్నాడు.

"చూడు బాబూ, ఆ అమ్మాయికి పెళ్ళయింది. మాటల్లో ఓసారి 'మా ఆయన' అంది."

నీలం చొక్కా తల వంచుకున్నాడు.

"ఆదివారం పూట పెళ్ళాన్ని పనికి పంపి, తను షికార్లు కొట్టే రకమై ఉంటాడు. అయినా మొగుడు మొగుడే. నీ సంగతి తెలిస్తే కాళ్ళు విరగ్గొడతాడు."

"అలాంటివాడి కాళ్ళే విరగ్గొట్టాలండీ," అన్నాడు నీలం చొక్కా మెల్లగా.

ఈలయ్యకి కోపం నషాళానికి అంటింది. ఈల నోట్లో పెట్టుకోబోయి, పిల్లని చూసి ఆగాడు. జడ విడిపోయి జుట్టంతా మొహం మీద పడుతోంది. రిబ్బను గుప్పెట్లో ఉంది.

"మీ అమ్మేదమ్మా?"

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. "చెప్పకూడదు తాతా."

తండ్రి నీళ్ళ వైపు తిరిగాడు. ఈలయ్య మనసు కలుక్కుమంది. చెప్పుకోలేని కథేదో ఉంది కాబోలు. తల్లి లేని పిల్ల, ఆ కిటికీలో ఆడమనిషి చెప్పే రెండు మంచిమాటల కోసం వస్తోంది. తండ్రి బుద్ధి ఎలాంటిదైనా పిల్లదేం తప్పు?

అంతలో మేనేజరు వచ్చి సంగతేమిటన్నాడు. అంతదాకా అబద్ధమాడి ఎరగని ఈలయ్య, అద్దం అడ్డంగా ఉండడంతో ఎవరి మాటా ఎవరికీ వినపడడం లేదనీ, ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాల్సి వస్తోందనీ అప్పజెప్పాడు. అయితే ఆ అద్దం పక్కకి తొయ్యమని చెప్పి మేనేజరు భోజనానికి వెళ్ళిపోయాడు.

ఈలయ్య తానే వెళ్ళి అద్దం పక్కకి తోశాడు. ఈల ఊది వరసని ఆపాడు. గొణుగుతున్నవాళ్ళని గొణుక్కోనిచ్చి, పిల్లని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాడు.

"ఇవాళ నువ్వే అడుగు తల్లీ, నీకేం కావాలో."

కిటికీలో అమ్మాయి టికెట్ల కట్ట పక్కన పెట్టేసింది. పిల్ల మేనేజరు వెళ్ళిన వైపు ఒకసారి చూసింది. రిబ్బను ఆమె చేతికిచ్చి, వెనక్కి తిరిగి, కిటికీకి వీపు ఆనించి నిలబడింది.

"పొద్దున నువ్వేసిన జడ ఊడిపోయిందమ్మా."