నిమ్మకాయకు లేని నిషేధం

"ఆ జీపీఎస్ ఇలా ఇచ్చేయమ్మా" అంటూ పందెం న్యాయనిర్ణేత ఉదయభాస్కర్ గారు చెయ్యి చాచారు. కోటిపల్లి లంకలో జీపులు బయలుదేరబోతున్నాయి. ఇసుకంతా పొగమంచు.

జీపులో దారి చెప్పే సీట్లో కూర్చున్న సారిక ఇవ్వలేదు. "బంపరుకి కట్టిన నిమ్మకాయలు ఉండొచ్చా మాస్టారూ?"

"అవి దారి చూపవు కనుక ఉండొచ్చు."

"అంటే పనిచేసేదే తీసేస్తారన్నమాట!" అంది సారిక. స్టీరింగు ముందు కూర్చున్న ఆమె బాబాయి ముసలయ్య నవ్వాడు.

"దారి కనుక్కోవడమే ఈ పందెం. ఉపగ్రహం కనుక్కుంటే కప్పు దానికే ఇవ్వాలి."

"గెలవడానికి కాదండి. దారి తప్పితే వెనక్కి రావడానికి. పోటొస్తే గోదారి పాయ నిండిపోద్ది."

"నిబంధన అందరికీ ఒకటేనమ్మా."

పరికరం ఆయన చేతికి వచ్చింది. జీపు మంచులో కలిసిపోయింది.

మిగతా జీపులన్నీ తిరిగివచ్చాయి. ముసలయ్య జీపు రాలేదు. పాయలో నీరు పెరుగుతోంది. ఒడ్డున అటూ ఇటూ తిరుగుతున్న ఉదయభాస్కర్ గారు ఏమీ తోచక పరికరం మీట నొక్కారు. ఆయన నిలబడిన చోటు ఎక్కడో అక్షాంశ రేఖాంశాలతో సహా తెరపై వెలిగింది. ఆ సంగతి ఇప్పుడు తెలియవలసినది తనకు కాదు.

చాలాసేపటికి హారను వినిపించింది. నీళ్లోడుతూ జీపు ఒడ్డెక్కింది.

"నిమ్మకాయలే కాపాడాయండీ!" అన్నాడు ముసలయ్య.

ఉదయభాస్కర్ గారు పరికరాన్ని కవరులో పెట్టి, అంటించి, సంతకం చేసి సారికకు అందించారు.

"రెండో రౌండుకి దగ్గర ఉంచుకో. విప్పితే మాత్రం పందెం పోతుంది."

"పందెమే కదండీ పోయేది!" అంది సారిక.