మీల్‌మేకర్ కూర

అమలాపురం ఆసుపత్రిలో నాగరత్నం రిపోర్టు చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది. "ముట్లు ఆగినప్పట్నుంచీ షుగరు పెరుగుతూనే ఉందమ్మా. పోయినసారి సోయా తినమన్నాను. తింటున్నారా?"

నాగరత్నం నోరు తెరిచేలోపే భర్త గోవిందరాజులు అందుకున్నాడు. "ఆయ్, రోజూ మీల్‌మేకరేనండీ. కొట్టుకెళ్లి నేనే తెస్తున్నాను. మసాలా దట్టించి వండుద్దండీ, దాని ముందు మాంసం కూర దిగదుడుపే!"

డాక్టరమ్మ నవ్వింది. ఈ వయసులో ఆడవాళ్ల ఒంట్లో తగ్గిపోయే హార్మోను లాంటిదే సోయాలో కొంత ఉంటుందనీ, అది కొందరికి మేలు చేస్తుందనీ, అందరికీ చెయ్యదనీ చెప్పింది.

"మీకు పనిచేసినట్టు లేదమ్మా. మాత్రలతోనూ లాభం లేదు. ఇంక రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి."

సూది అనగానే నాగరత్నం ఏదో చెప్పబోయింది. భర్త వైపు చూసి, రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో గోవిందరాజులు ఆమెను ఓదార్చాడు. "బాధపడకే. నీ ఒంటికి పడలేదు, అంతే. కూర మాత్రం మానకు. అమ్మకీ పిల్లలకీ నాకూ అలవాటైపోయింది. గిన్నె ఊడ్చేస్తున్నాం కదా!"

"ఆయ్. మీరందరూ తిని లేచాక ఆ గిన్నె కడిగేది నేనేనండీ. ఇన్నాళ్లలో ఒక్క ముక్క నా కంచంలో పడలేదు."

గోవిందరాజులు తెల్లబోయాడు. "మరి ఆ మాట డాక్టరమ్మతో అనొచ్చు కదే? సూది తప్పేదేమో!"

నాగరత్నం పమిట భుజం చుట్టూ లాక్కుంది.

"మన ఇంట్లో నాకు కూర మిగలదని పరాయావిడతో ఎలా చెప్పనండీ?"